సొంతంగా కట్టిన డబ్ల్యూడీఎం-2 బాడీ కింద ఏ ఛాసిస్ అమర్చాలి?

ప్రశ్న: కాజీపేట_షెడ్డు

అందరికీ నమస్కారం. హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, డబ్ల్యూడీఎం-2 డీజిల్ లోకో నమూనాను స్టైరీన్ (ప్లాస్టిక్) షీట్ కోసి సొంతంగా కడుతున్నాను. 1990ల నాటి కాజీపేట షెడ్డు లోకోను దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టాను. హుడ్ (ఇంజను మీది పొడవాటి కప్పు), క్యాబ్, ఫుట్‌ప్లేట్ (హుడ్ కింది పలక) పూర్తయ్యాయి. హుడ్ తలుపులు, వాటి కీళ్లు, రేడియేటర్ జాలీ కూడా అతికించాను. హెడ్‌స్టాక్ (బఫర్లు బిగించే చివరి అడ్డపలక) నుంచి హెడ్‌స్టాక్ వరకు బాడీ పొడవు 182 మి.మీ. వచ్చింది. హుడ్ లోపలి వెడల్పు 19 మి.మీ. ఉంది. కౌక్యాచర్లు, మెట్లు, బఫర్లు, ఇంధన ట్యాంకు ఇంకా చేయలేదు.

ఇక దీన్ని నడిపించే ఛాసిస్, అంటే చట్రం, మోటారు, గేర్లు, చక్రాలు ఉన్న కింది భాగం గురించి మీ సలహా కావాలి. నా దగ్గర అమెరికన్ ఎస్‌డీ40-2 నమూనా ఒకటి ఉంది. దాని బాడీ విరిగిపోయింది కానీ మోటారు, గేర్లు చక్కగా పనిచేస్తున్నాయి. నెమ్మదిగా నడిపినా కుదుపు లేదు. అది కూడా ఆరు ఇరుసుల లోకోయే కనుక దాని పోత చట్రాన్ని మధ్యలో కోసి, పొడవు తగ్గించి, నా బాడీ కింద అమర్చవచ్చునా? లేక వేరే డోనర్ (భాగాలు తీసుకోవడానికి పనికొచ్చే మరో నమూనా) వెతకడం మంచిదా? విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకంతో కలిపి ఖర్చు చాలా పెరుగుతుంది కాబట్టి, ఉన్నదానితో నెట్టుకురాగలిగితే అదే చేయాలని ఉంది. మోటారు, దానికి రెండు వైపులా ఉన్న ఫ్లైవీల్స్ కలిపి కొలిస్తే 72 మి.మీ. వచ్చింది.

జవాబు 1: ట్రైమౌంట్

నమస్కారమండీ. రంపం చేతికి తీసుకునే ముందు రెండు లోకోల కొలతలనూ పక్కపక్కన రాసుకుంటే సగం సందేహం అక్కడే తీరిపోతుంది. డబ్ల్యూడీఎం-2కు బఫర్లతో కలిపి పొడవు 17,120 మి.మీ. మొదటి ఇరుసు నుంచి ఆరో ఇరుసు వరకు 12,834 మి.మీ. ఒక్కో బోగీలో, అంటే లోకో కింద మూడేసి ఇరుసులుండే చక్రాల చట్రంలో, చివరి ఇరుసుల మధ్య దూరం 3,810 మి.మీ. వీటిని 87తో భాగిస్తే వరుసగా 196.8, 147.5, 43.8 మి.మీ. వస్తాయి. ఎస్‌డీ40-2లో బోగీ కేంద్రాల మధ్య దూరం 43 అడుగుల 6 అంగుళాలు, దాని హెచ్‌టీ-సీ బోగీలో చివరి ఇరుసుల మధ్య దూరం 13 అడుగుల 7 అంగుళాలు. ఇవి మన స్కేలులో 152.4, 47.6 మి.మీ. అవుతాయి. అంటే దాని మొదటి ఇరుసు నుంచి చివరి ఇరుసు వరకే 200 మి.మీ. ఉంటుంది. మీ లోకో బఫర్లతో కలిపినా అంత పొడవు ఉండదు.

కోసి తగ్గిస్తే ఏమవుతుందో చూద్దాం. రెండు బోగీల లోపలి ఇరుసుల మధ్య ఖాళీ డబ్ల్యూడీఎం-2లో 60 మి.మీ., ఎస్‌డీ40-2లో 105 మి.మీ. కాబట్టి చట్రం మధ్యలోంచి 45 మి.మీ. ముక్క తీసేయాలి. తీసేశారే అనుకుందాం, బోగీలు మాత్రం అవే కదా. ఒక్కొక్కటి దాదాపు 4 మి.మీ. ఎక్కువ పొడవు ఉన్నందున చివరి ఇరుసులు రెండు వైపులా అంతమేరకు హెడ్‌స్టాక్ వైపు జరుగుతాయి. అసలు లోకోలో చక్రం అంచుకూ హెడ్‌స్టాక్‌కూ మధ్య మన స్కేలులో 11 మి.మీ. చోటు ఉంటుంది. మీకు మిగిలేది 7 మి.మీ. ఆ చోటులోనే కౌక్యాచర్, మెట్లు, ఇసుక గొట్టాలు రావాలి, పైగా వంపులో బోగీ పక్కకు తిరగాలి. సరళ మార్గంలో అందంగా కనిపించిన లోకో మొదటి వంపులోనే మెట్టుకు తగిలి పట్టా దిగుతుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి బోగీ రూపం. డబ్ల్యూడీఎం-2 అమెరికన్ లోకో కంపెనీ ఆల్కో వారి డీఎల్560సీ నమూనా. మొదటివి 1962లో అమెరికా నుంచి వచ్చాయి, 1964 నుంచి వారణాసి డీఎల్‌డబ్ల్యూ (డీజిల్ లోకోమోటివ్ వర్క్స్)లో తయారయ్యాయి. దాని కింద ఉన్నది ఆల్కో ట్రైమౌంట్ బోగీ. అందులో నడిమి ఇరుసు సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. పక్క నుంచి చూసిన వెంటనే కంటికి తగిలేది ఆ అసమానతే. హెచ్‌టీ-సీ బోగీ ముఖం వేరు, నడక వేరు. పక్క ఫ్రేములు కొత్తగా చేసి తగిలించినా, లోపలి చక్రాలు దాదాపు సమాన దూరంలో ఉంటే, ఫ్రేము మీది యాక్సిల్ బాక్స్ (ఇరుసు కొస ఉండే పెట్టె) ఒక చోట, చక్రం మరో చోట కనిపిస్తాయి. మన వైపు రైళ్లు చూస్తూ పెరిగినవారెవరూ ఆ తేడాను గమనించకుండా ఉండరు.

కనుక మీరు వెతకవలసినది ట్రైమౌంట్ బోగీలున్న ఆల్కో నమూనా. నమూనాల కంపెనీ అట్లాస్ వారు హెచ్‌ఓలో ఆల్కో ఆరు ఇరుసుల లోకోలైన ఆర్‌ఎస్‌డీ-4/5, ఆర్‌ఎస్‌డీ-12 నమూనాలు చేశారు. వాటిలో పాతవి ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంటాయి. బ్రాడ్‌వే లిమిటెడ్ వారి ఆర్‌ఎస్‌డీ-15 కూడా ఉంది కానీ ధర ఎక్కువ. అమెరికన్ ఆల్కోల చక్రం 40 అంగుళాలు, మనది 1,092 మి.మీ. స్కేలులో తేడా ఒక మిల్లీమీటరు లోపే. దాన్ని వదిలేయవచ్చు. ఇరుసుల మధ్య దూరం విషయంలో రాజీపడితే ఎంత రంగు వేసినా దాగదు. చక్రం వ్యాసంలో రాజీపడితే పక్క ఫ్రేము నీడలో కలిసిపోతుంది. డోనర్‌ను ఎంచుకునేటప్పుడు నేను మొదట బోగీ, తర్వాత బోగీ కేంద్రాల దూరం, ఆ తర్వాత ఎత్తు, చివరగా చక్రం చూస్తాను.

ఆర్‌ఎస్‌డీ దొరికిన తర్వాత దాని బోగీ కేంద్రాల దూరం కొలిచి, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటే అలాగే ఉంచేయండి. అంతకు మించి ఉంటేనే పోత చట్రం కోయండి. మీ ఎస్‌డీ40-2 ఛాసిస్‌ను పాడుచేయకుండా దాచుకోండి. అది జనరల్ మోటార్స్ వంశపు లోకోది కాబట్టి, ఎప్పుడైనా అదే వంశానికి చెందిన మన సరుకు రవాణా లోకో డబ్ల్యూడీజీ-4 కట్టదలిస్తే అప్పుడు పనికివస్తుంది.

జవాబు 2: ఇత్తడి_రేకు

బోగీ విషయంలో పైన రాసినవారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పోత చట్రాన్ని కోయడం గురించి మాత్రం నా అభిప్రాయం వేరు. డోనర్ ఏదైనా సరే, దాని చట్రాన్ని కోయవద్దనే చెబుతాను. ఆ చట్రం జింకు మిశ్రమంతో పోసినది. మామూలు టంకం దానికి అంటుకోదు. కోసిన రెండు ముక్కలను ఇత్తడి పట్టీతో, స్క్రూలతో, ఎపాక్సీతో కలిపినా రెండు సగాలూ ఒకే గీతలోకి రావడం కష్టం. అర మిల్లీమీటరు వంకర వచ్చినా ఒక బోగీ చక్రాల్లో కొన్ని పట్టా మీద ఆనవు. దానికి తోడు ఆ పోత ముక్క ఆ లోకో హుడ్ కోసమే చెక్కినది. మీ 19 మి.మీ. హుడ్‌లో అది పడుతుందో లేదో చివరి వరకు తెలియదు.

బోగీలు, వాటి మీది గేర్ టవర్లు (బోగీ మీద నిలువుగా ఉండే గేర్ల పెట్టెలు), వర్మ్ (టవర్‌లోని మరలాంటి గేరు), మోటారును దానికి కలిపే డ్రైవ్ షాఫ్టులు మాత్రమే డోనర్ నుంచి తీసుకుని, చట్రాన్ని ఇత్తడితో మీరే చేసుకోండి. పని చూస్తే పెద్దదిగా అనిపిస్తుంది కానీ బాడీ మొత్తం షీట్‌తో కట్టినవారికి ఇది కష్టం కాదు. ఇలా చేస్తే ఇంకో లాభం ఉంది. పూర్తి లోకో కొననక్కరలేదు. మోటారు కాలిపోయిన ఆర్‌ఎస్‌డీ గానీ, బాడీ లేని ఛాసిస్ గానీ తక్కువ ధరకు దొరికితే చాలు. మీ ఎస్‌డీ40-2 మోటారు బాగుందన్నారు కదా, దాన్నే ఇందులో వాడవచ్చు.

చట్రం చేసే పద్ధతి చెబుతాను. 1.5 మి.మీ. మందం ఇత్తడి రేకును ఫుట్‌ప్లేట్ కింద ఇమిడేంత వెడల్పున ఒకే పలకగా కోయండి. పొడవు రెండు హెడ్‌స్టాక్‌ల లోపలి ముఖాల మధ్య దూరానికి ఒక మిల్లీమీటరు తక్కువగా ఉండాలి. పలక మీద నడిగీత ఒకటి సూదిమొనతో గీయండి. ఆ తర్వాతి కొలతలన్నీ ఆ గీత నుంచే తీయాలి, రేకు అంచు నుంచి తీయకూడదు. బోగీ టవర్ పైకి రావడానికి రెండు చోట్ల, మోటారు దిగడానికి మధ్యలో ఒక చోట కిటికీలు కోయాలి. టవర్ కిటికీ బోగీ తిరిగినప్పుడు తగలకుండా ప్రతి వైపూ కనీసం 2 మి.మీ. వదులు ఉండాలి. ఇన్ని కిటికీలు కోస్తే పలక బలహీనపడుతుంది కాబట్టి, రెండు అంచుల వెంట 3 మి.మీ. ఇత్తడి ఎల్-యాంగిల్ నిలువుగా టంకం వేసి బిగించండి. టంకం వేసేటప్పుడు పలకను చదునైన గాజు ముక్క మీదో గ్రానైట్ బండ మీదో అదిమి పెట్టి, ఒకేచోట ఎక్కువసేపు వేడి తగలకుండా అక్కడక్కడ అంటిస్తూ వెళ్లాలి. ఒక కొస నుంచి మరో కొసకు వరుసగా వేసుకుంటూ పోతే రేకు మెలిపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నిజమైన ట్రైమౌంట్ బోగీకి ఆ పేరు రావడానికి కారణం, లోకో బరువు దాని మీద మూడు చోట్ల ఆనడం. బరువులో సుమారు 60 శాతం మధ్య పివట్ మీద, మిగిలినది రెండు పక్క ప్యాడ్ల మీద సమానంగా పడుతుంది. మన నమూనాలోనూ మూడు చోట్ల ఆనే సూత్రమే పాటించాలి, కాకపోతే ఒక్కో బోగీకి విడిగా కాక లోకో మొత్తానికి కలిపి. ఒక బోగీ మీద, పివట్‌కు అటూ ఇటూ సమాన దూరంలో, 1 మి.మీ. స్టైరీన్ ముక్కలు రెండు అతికించండి. చట్రం వాటి మీద ఆనుతుంది కాబట్టి ఆ బోగీ ముందుకూ వెనక్కూ వాలగలదు, పక్కలకు వాలలేదు. రెండో బోగీ మీద పివట్ దగ్గర ఒకే ఒక ముక్క పెట్టండి, అది ఎటైనా వాలవచ్చు. రెండు బోగీలనూ బిగుతుగా పెడితే, పట్టాల అతుకులో కొంచెం ఎత్తుపల్లం రాగానే ఒక మూల చక్రం గాలిలో ఉంటుంది. అక్కడ కరెంటు అందక లోకో ఆగిపోతే మనం మోటారును అనుమానిస్తాం. రెండింటినీ వదులుగా పెడితే బాడీ ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. ఒకటి పక్కవాలు లేకుండా, మరొకటి స్వేచ్ఛగా ఉన్నప్పుడే బాడీ నిటారుగా ఉండి పన్నెండు చక్రాలూ పట్టాను అంటిపెట్టుకుంటాయి.

మోటారును స్క్రూలతో బిగించకండి. సిలికాన్ సీలెంట్ రెండు చుక్కలు వేసి, షాఫ్టులు టవర్‌లోని వర్మ్‌తో ఒకే ఎత్తులో వచ్చేలా మోటారు కింద పలుచని కార్డు ముక్కలు పెట్టి, ఒక రాత్రి ఆరనివ్వండి. చప్పుడు తగ్గుతుంది, మోటారు లోహపు ఒళ్లు ఇత్తడికి తగలకుండా కూడా ఉంటుంది. డీసీసీ (డిజిటల్ నియంత్రణ) డీకోడర్ పెట్టే ఉద్దేశం ఉంటే మోటారు రెండు బ్రష్‌లలో ఏదీ చట్రానికి కలవకూడదు. మల్టీమీటర్‌తో ఆ సంగతి నిర్ధారించుకున్న తర్వాతే డీకోడర్ వైర్లు కలపండి.

జవాబు 3: బ్రాడ్‌గేజ్_1676

ఛాసిస్ గురించి పైన ఇద్దరూ చెప్పినదానికి నేను ఒక్క విషయమే జోడిస్తాను. అమెరికన్ డోనర్లు 1,435 మి.మీ. గేజ్ లోకోల నమూనాలు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. అది 1:87లో 19.3 మి.మీ. అవుతుంది. మనం వాడే హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ. మాత్రమే. దానికోసం పట్టాలు మార్చుకొమ్మని నేను అనను. కానీ డోనర్ బోగీ పక్క ఫ్రేములను యథాతథంగా ఉంచితే, అవి బాడీ కిందకు లోపలికి ముడుచుకుపోయి, లోకో సన్నకాళ్ల మనిషిలా కనిపిస్తుంది. పక్క ఫ్రేములు బోగీకి తగులుకునే చోట సుమారు 1.4 మి.మీ. మందం స్టైరీన్ ముక్కలు పెట్టి, రెండు వైపులా అంతమేరకు బయటికి జరపండి. అప్పుడు ఫ్రేములు మన లోకోలో ఉండవలసిన చోటికి వస్తాయి. చక్రాలు లోపలికి ఉన్నాయన్న సంగతి ఎదురుగా వంగి చూస్తే తప్ప తెలియదు. ఫ్రేముకూ చక్రానికీ మధ్య పెరిగిన సందులో బ్రేకు గేర్ చేయడానికి చోటు కూడా దొరుకుతుంది.

బోగీలు అమర్చేటప్పుడు దిశ సరిచూసుకోండి. ట్రైమౌంట్ బోగీలు రెండూ ఒకే దిశలో ఉండవు, ఒకదానికొకటి ప్రతిబింబంలా ఎదురెదురుగా తిరిగి ఉంటాయి. డోనర్‌లో ఎలా ఉన్నాయన్నదాన్ని నమ్ముకోకుండా, కాజీపేట షెడ్డు గానీ గుత్తి షెడ్డు గానీ డబ్ల్యూడీఎం-2ను పక్క నుంచి తీసిన స్పష్టమైన ఫొటో ఒకటి ముందు పెట్టుకుని అమర్చండి. ఫొటో ఎంచుకునేటప్పుడు అది సరుకు రవాణా లోకో డబ్ల్యూడీజీ-3ఏ కాకుండా చూసుకోండి. హుడ్ చూస్తే రెండూ ఒక్కలాగే అనిపిస్తాయి కానీ దాని కింద ఉన్నది హై అడ్‌హెషన్ బోగీ.

కాజీపేట_షెడ్డు

ముగ్గురికీ కృతజ్ఞతలు. లెక్క చూసిన తర్వాత ఎస్‌డీ40-2 చట్రాన్ని కోయాలన్న ఆలోచన విరమించుకున్నాను. మోటారు పనిచేయని ఆర్‌ఎస్‌డీ ఛాసిస్ కోసం వెతుకుతాను. చట్రం ఇత్తడితోనే చేస్తాను.

రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, బోగీ మధ్యలో పివట్ ఉంటుందని అనుకుంటే నా లోకోలో రెండు పివట్ల మధ్య దూరం 103.7 మి.మీ. వస్తుంది. టవర్లు అటూ ఇటూ చెరో 10 మి.మీ. ఆక్రమిస్తాయి. మిగిలిన 83 మి.మీ.లో 72 మి.మీ. మోటారు, ఫ్లైవీల్స్‌కే పోతే డ్రైవ్ షాఫ్టులకు ఒక్కో వైపు అయిదారు మిల్లీమీటర్లే ఉంటాయి. అది సరిపోతుందా? రెండోది, బాడీ ఎత్తును దేని ఆధారంగా నిర్ణయించాలి?

జవాబు 4: ఇత్తడి_రేకు

అయిదారు మిల్లీమీటర్లు సరిపోవు. షాఫ్టు పొట్టిదైన కొద్దీ బోగీ తిరిగినప్పుడు షాఫ్టు కొసనున్న కీలు దగ్గర కోణం పెరుగుతుంది. నేరుగా వెళ్లేటప్పుడు సాఫీగా ఉన్న లోకో వంపులో బిగుసుకుని గుర్రుమంటుంది. ఒక ఫ్లైవీల్ తీసేయండి. దాన్ని సుత్తితో కొట్టి తీయవద్దు, షాఫ్టు వంగితే ఆ మోటారు మరి పనికిరాదు. గేర్ పుల్లర్‌తో నెమ్మదిగా లాగండి. మోటారును మధ్య నుంచి కొంచెం జరిపి, రెండు వైపులా షాఫ్టుల పొడవు వీలైనంత సమానంగా వచ్చేలా చూడండి. షాఫ్టు కొసకూ కీలు గిన్నె అడుగుకూ మధ్య ఒక మిల్లీమీటరు వదులు తప్పనిసరిగా ఉండాలి. మీ దగ్గరున్న అత్యంత బిగుతైన వంపులో బోగీని చేత్తో అటూ ఇటూ తిప్పినప్పుడు కూడా ఆ వదులు పోకూడదు. ఆరు ఇరుసుల లోకోకు 18 అంగుళాల వ్యాసార్థం ఉన్న వంపు ఇబ్బందే, వీలైతే 22 అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి.

ఫ్లైవీల్ తీసినందువల్ల తగ్గిన బరువును ఇంధన ట్యాంకులో పూడ్చుకోవచ్చు. అసలు లోకోలో ఆ ట్యాంకు 5,000 లీటర్లది, రెండు బోగీల మధ్య బాగా కిందికి ఉంటుంది. దాన్ని డొల్లగా కట్టి సీసపు రేకు ముక్కలతో నింపితే బరువు కిందనే ఉండి, రెండు బోగీలకూ సమంగా పడుతుంది. హుడ్ పైభాగంలో బరువు పెట్టకండి. సీసం ముట్టుకున్న తర్వాత చేతులు కడుక్కోవడం, కోసిన పొడి ఇంట్లో పిల్లలకు అందకుండా చూడడం మరవద్దు.

ఎత్తుకు బఫర్‌నే ఆధారం చేసుకోండి. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టా పైభాగం నుంచి బఫర్ మధ్యబిందువు వరకు అనుమతించిన గరిష్ఠ ఎత్తు 1,105 మి.మీ., అంటే మన స్కేలులో 12.7 మి.మీ. హెడ్‌స్టాక్ మీద ఆ గీత ముందే గీసి ఉంచండి. ఛాసిస్ మీద బాడీ పెట్టి, బోగీ మీది ఆనుడు ముక్కలను ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ ఆ గీతను 12.7 దగ్గరికి తీసుకురండి. అందుకే ఆ ముక్కలు మొదట అవసరానికి మించి కాస్త మందంగానే అతికించాలి. ఒక మూల ఎక్కువ అరిగితే లోకో ఒరుగుతుంది కనుక రెండు ముక్కలనూ ఒకే ఆకురాయి పట్టుతో ఒకేసారి అరగదీయండి.

జవాబు 5: ట్రైమౌంట్

ఇత్తడి చట్రం ఆలోచన బాగుంది. మీ హుడ్ వెడల్పు దృష్ట్యా అదే నయమని నాకూ అనిపిస్తోంది. గేర్ల విషయంలో ఒక్క మాట చెబుతాను. మోటారు ఒక లోకోది, వర్మ్ గేర్లు మరో లోకోవి అయినప్పుడు వేగం అనుకున్నట్లు ఉండకపోవచ్చు. డబ్ల్యూడీఎం-2 గరిష్ఠ వేగం గంటకు 120 కి.మీ. స్కేలులో అది ఒక మీటరు పట్టాను 2.6 సెకన్లలో దాటడంతో సమానం. 12 వోల్టుల దగ్గర మీ ఛాసిస్ అంతకంటే చాలా తొందరగా పరుగెడితే, డీకోడర్‌లో గరిష్ఠ వోల్టేజిని తగ్గించుకోవచ్చు. డీకోడర్ కొనే ముందు, మోటారు షాఫ్టును ఒక్క క్షణం పట్టి ఆపి, అది ఎంత కరెంటు తీసుకుంటుందో మీటరులో చూడండి. పాత మోటార్లు కొన్ని ఎక్కువ తీసుకుంటాయి, చిన్న డీకోడర్ దానికి తట్టుకోలేదు.

ఇక కౌక్యాచర్లు, మెట్లు అన్నింటికంటే ఆఖరున చేయండి. బాడీని ఛాసిస్ మీద పెట్టి, వెనుక నాలుగైదు పెట్టెలు తగిలించి, మీ లేఅవుట్‌లోని అన్ని వంపులూ పాయింట్లూ రెండు దిశల్లోనూ దాటించండి. చివరి చక్రం ఎంత వరకు పక్కకు వస్తోందో హెడ్‌స్టాక్ లోపలి వైపు అతికించిన తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. కౌక్యాచర్ పట్టీలను ఆ గుర్తుకు ఒక మిల్లీమీటరు అవతల నుంచి వంచితే చాలు.